హోమానికి విప్పిన అలారం

"మీరే చేశారు యోగానంద్ గారూ. మీరూ, చూసీ చూడనట్టు పులిహోర తిని వెళ్ళిపోయిన ఈ పెద్దమనుషులూ."

సుధామయి ఆ మాట అనేసరికి యోగానంద్ చేతిలో నెయ్యి గరిటె గాల్లోనే ఆగింది. కెనడాలోని ఒషావాలో ఆ ఇల్లు ఆయనది. కింద బేస్‌మెంట్‌లో సుధామయీ, నిఖిలా అద్దెకుండేవారు. పోయిన నెల అక్కడ బట్టలారబెట్టే డ్రయర్ అంటుకుంది. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పట్టపగలు నిద్రపోతున్న నిఖిలను లేపడానికి ఏ అలారమూ మోగలేదు. ఆ పిల్ల ఇంకా ఆసుపత్రిలో గొట్టంతో గాలి పీలుస్తోంది. ఇక్కడ మాత్రం, ఇంటికి పట్టిన దోషం పోవాలని శాంతి హోమం. లోకం నోరు మూయించడానికి ఆయన భార్య కనకదుర్గే సుధామయిని ప్రసాదానికి పిలిచింది.

పోయినేడు గణపతి హోమం నాడు పొగకి మోగుతాయని యోగానంద్ కుర్చీ ఎక్కి ఇంట్లో స్మోక్ అలారాలన్నీ విప్పాడు. ఒకటి కూస్తే అన్నీ కూసే రకం కాబట్టి కిందిదీ విప్పాడు. పైవి మర్నాడే బిగించుకున్నాడు. కిందిది బిగించలేదు. సుధామయి అడిగింది. మళ్ళీ అడిగింది.

"మీరు పోపు పెట్టినప్పుడల్లా అది కూసి పైన నా మీటింగ్ ఆగిపోతుందమ్మా. మన వంటకి అది పనికిరాదు," అని నవ్వేశాడు. అదే నోటితో ఫైర్ ఇన్‌స్పెక్టర్‌కి, ఆడపిల్లలే పీకి పారేశారని చెప్పాడు. ఆయన ఇంటివాడు, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. తప్పు మంచం మీదున్న నిఖిల నెత్తికొచ్చింది.

"ముందు కూర్చో అమ్మా, ప్రసాదం తీసుకో," అంది కనకదుర్గ.

"వద్దాంటీ. మీ ఇంటి పొగ ఒకసారి తిన్నాం. ఇంకా అరగలేదు."

"సాక్ష్యం లేకుండా మాట జారకూడదు తల్లీ," అన్నాడు మహీధర్, యోగానంద్ ఆఫీసు స్నేహితుడు.

"ఆ రోజు కుర్చీ పట్టుకుంది మీరే కదంకుల్."

మహీధర్ తన సాక్సులకేసి చూసుకున్నాడు.

సుధామయి తలెత్తి చూసింది. సీలింగ్ మీద మళ్ళీ బోడి వైర్లు. ఒక పిల్ల ఊపిరి పోబోయినా ఈ మనిషికి బుద్ధి రాలేదు. ఫ్రిజ్ మీద, పోయినేడు విప్పినవి వేసిన స్టీలు బేసినే, పైన అదే తువ్వాలు. అందుకుని, హోమం ముందు పరిచిన దుప్పటి మీద బోర్లించింది. తెల్లటి డబ్బాలు దొర్లాయి. వెనక మార్కర్‌తో యోగానంద్ రాత: హాల్, బెడ్‌రూమ్. ఇంకొకటి, బేస్‌మెంట్.

"చూడండి. కింద గోడలు నలుపు, మంచం నలుపు, నిఖిల దగ్గితే నలుపు. ఇది మాత్రం మల్లెపువ్వులా ఉంది. పోయినేటి కుంకుమ వేలిముద్రలు కూడా చెరగలేదు. మేం పీకి పారేస్తే ఇది మీ బేసిన్‌లోకి నడిచొచ్చిందా? కొత్తది కదా, పారేయడానికి ప్రాణం ఒప్పలేదా?"

సుధామయి పక్కనే దొర్లిన బ్యాటరీ దానిలో వేసి బటన్ మీద వేలు పెట్టి నొక్కింది. చెవులు చిల్లులు పడేలా కూసింది. పిల్లలు చెవులు మూసుకున్నారు, పురోహితుడు జరిగి కూర్చున్నాడు. యోగానంద్ ముఖంలో నెత్తురు దిగిపోతుంటే సుధామయికి కడుపు నిండింది.

"నిఖిల వినాల్సిన కూత ఇది. మీరు వినండి," ఆ మోతను మించి గొంతు పెంచి అంది. "పాడైతే చెప్పడం మా పని, బిగించడం మీ పని. మేం చెప్పాం. మీరు బిగించలేదు. లేవండి. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఎవరు విప్పారో ఇంతమంది ముందు ఆ ఇంగ్లీషులోనే చెప్పండి. తర్వాత కుర్చీ ఎక్కి అన్నీ బిగించండి, మహీధర్ అంకుల్ పట్టుకుంటారు. ఫోన్ కలిసేదాకా నేను వేలు తీయను."