సహాయ కేంద్రానికి వచ్చిన మొదటి మనిషి

కుట్టుమిషన్ ముందు కూర్చుని కర్టెన్‌కు అంచు కుడుతున్న ఆమెను చూసి భర్త నవ్వాడు. “ఇంట్లో దిండు గలీబులు చిరిగి వేలాడుతున్నా కళ్లకు ఆనవు. స్టేషన్‌కు మాత్రం కర్టెన్లు! నిన్ను పోలీసుగా తీసుకున్నారా, దర్జీగానా?”

పన్నెండేళ్లుగా కానిస్టేబులే అయినా, ఆమె చేతికి ఎక్కువగా అందినవి టీ కప్పులే. ఇప్పుడు హఠాత్తుగా ఆమెతో పని పడింది. మహిళా సహాయ కేంద్రం లేని స్టేషన్లకు నిధులివ్వబోమని ఎక్కడో ఒక అంతర్జాతీయ సంస్థ షరతు పెట్టింది. ఆ షరతు రాజధానిలో ఉత్తర్వయింది. ఆ ఉత్తర్వు ఈ స్టేషన్ గడప చేరేసరికి ఒక బల్లగా, ఒక బోర్డుగా, ఒక ఖాళీ రిజిస్టరుగా, కుర్చీలో కూర్చోవడానికి ఒక ఆడమనిషిగా మిగిలింది.

“చేలో దిష్టిబొమ్మ మాట్లాడుతుందామ్మా? నువ్వూ అంతే. కూర్చో చాలు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మర్నాడు పదిగంటలకు ఆ సంస్థ పరిశీలకులు వచ్చారు. సరిగ్గా ఆ గంటసేపూ, రెండు రోజులుగా ఏ పుస్తకంలోనూ పేరెక్కకుండా వెనకగదిలో బంధించి ఉంచిన పిల్లను జీపులో ఊరంతా తిప్పారు. ఆ సంగతి కానిస్టేబుల్‌కు తెలుసు. తెలిసే, అడిగినవాటికి తలూపింది. అయితే పరిశీలకుల్లోని పెద్దావిడ ఎవరూ ఊహించని పని చేసింది. ఖాళీ రిజిస్టరు తీసుకుని ప్రతి పేజీకీ అంకె వేసి, సంతకం చేసింది. ఆరునెలలకు వచ్చి ఇదే పుస్తకం చూస్తామని దుబాసీ చేత చెప్పించి వెళ్లిపోయింది.

“గండం గడిచింది. సాయంత్రానికి ఆ బోర్డు పీకేయండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సాయంత్రం కాకముందే ఒక నడివయసు మనిషి ఆ బోర్డును కూడబలుక్కుని చదువుకుని లోపలికొచ్చింది. “అమ్మా, సాయం చేసేది నువ్వేనా? మా చెల్లెల్ని జీపులో చూశానమ్మా. ఎవర్నడిగినా ఇక్కడ లేదంటున్నారు.”

కానిస్టేబుల్ అంకెలు వేసిన రిజిస్టరు తెరిచింది. రాస్తే చించడానికి వీల్లేదు. రాస్తే బదిలీ తప్పదు, ఇంట్లో రభస సరేసరి. “నీ జీతం లేకపోయినా ఈ ఇల్లు గడుస్తుంది, నీ నోరుంటే గడవదు,” అని అత్తగారు ఏనాడో తేల్చిచెప్పింది. వెనకగది తలుపు గడియ చప్పుడయింది. పరిశీలకులు వెళ్లగానే పిల్లను మళ్లీ అక్కడే పెట్టారు. ఇంకో గంటలో ఎక్కడికి తరలిస్తారో ఎవరికెరుక? పైవాళ్లు ఈ కేంద్రాన్ని పైకి చూపించుకోవడానికే పెట్టి ఉండవచ్చు. ఎదుట నిలబడ్డ ఈ మనిషి మాత్రం నిజంగానే వచ్చింది.

“కూర్చో అక్కా. మీ చెల్లెలి పేరు చెప్పు.”

కలం కదలడం చూసి ఇన్‌స్పెక్టర్ గబగబా వచ్చాడు. “ఏం చేస్తున్నావ్? ఆ పుస్తకం ఇలా ఇవ్వు!”

ఆమె చెయ్యి ఆగలేదు.

“ఒక్క నిమిషం సార్. ఆ అమ్మాయి ఏ గదిలో ఉందో రాస్తున్నాను.”