మంచు వాలు మీద మైనస్ ఆరు

నేను ఒక జత పవర్ అద్దాలను. చూపించడమే నా ఉద్యోగం. కానీ ఈ క్షణంలో నాలోంచి ఎవరికీ ఏమీ కనిపించడం లేదు.

కింద నిటారుగా మంచు వాలు. దాని మీద బాణంలా దూసుకుపోతున్న అమ్మాయి పేరు ఉత్పల. కాళ్లకి స్కీలు, కళ్లకి గాగుల్స్, ఆ గాగుల్స్ లోపల నేను. మంచులో పాతిన ఎర్ర జెండానీ నీలం జెండానీ ఒకదాని తర్వాత ఒకటి చుట్టి కిందికి దిగాలి. ఒక్కటి తప్పినా ఆట అయిపోయినట్టే. మూడో జెండా దగ్గర నా ఎడమ అద్దానికి ఆవిరి పట్టింది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి కుడిదీ తెల్లబడింది. మజ్జిగలోంచి చూస్తున్నట్టుంది లోకం.

ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. కుడి అద్దం మూల చింతగింజంత చోటు ఇంకా తేటగా ఉంది. ఆ చింతగింజలోంచి ఒక కన్నుతో చూస్తూ, తల పక్కకి వంచి, మిగతా జెండాలన్నీ చుట్టి కిందికి చేరింది. చేరగానే మంచులో కూలబడింది. బోర్డు మీద ఆమె పేరు ఆరో వరసలో వెలిగింది.

ఆరో స్థానం ఉత్పలకి పనికిరాదు. సముద్రం తప్ప మంచు ఎరగని జిల్లా నుంచి స్కీయింగ్‌కి మనిషిని పంపడమేంటని రాష్ట్ర సంఘంలో చాలామంది నవ్వారు. ఈసారి ఏదో ఒక పతకం రాకపోతే వచ్చే ఏడాది నుంచి జట్టే ఉండదని చెప్పి పంపారు. జట్టంటే ఉత్పల ఒక్కతే. ఆమె వెంట మేనేజరుగా వచ్చిన వరాహమూర్తి మాస్టారు. అంతే.

పరుగులు రెండు. రెండింటి సమయం కలిపి లెక్కిస్తారు. రెండోది ఇంకా మిగిలి ఉంది. ఈలోగా నా పుట్టుక సంగతి చెప్పేస్తాను.

నేను ముందు అద్దాలు లేని ఖాళీ ఫ్రేమునే. గాగుల్స్ లోపల, ముక్కు దగ్గర ఇమిడిపోయేలా వంపు తిప్పిన ప్లాస్టిక్ ముక్కని. పవరున్నవాళ్లు ఇందులో తమ అద్దాలు బిగించుకోవాలని నన్ను చేసినవాళ్ల ఉద్దేశం. మొదట కొన్న బెంగళూరు పెద్దమనిషికి ఆ ఉద్దేశం తెలియదు. ఆయన మనాలికి వచ్చి, గాగుల్స్ పెట్టుకుని, ఫొటో తీయించుకున్నంతసేపు స్కీల మీద నిలబడి, ఆ తర్వాత కూర్చున్న చోటు నుంచి లేవలేదు. స్కీలతో పాటు గాగుల్స్ కూడా అద్దె షాపులో వదిలేసి వెళ్లిపోయాడు. షాపువాళ్లు గాగుల్స్‌ని మేకుకి తగిలించి, నన్ను అనవసరపు ముక్క అని సొరుగులో పడేశారు. చూపు ఉన్నవాళ్లకి చూపు సామాను విలువ తెలియదు.

ఆ షాపు డోల్మా వాళ్ల నాన్నది. డోల్మా మంచులో పుట్టి పెరిగిన పిల్ల. నడక కంటే ముందు జారడం వచ్చినదానిలా ఉంటుంది. నేర్చుకోవడానికి ఉత్పల ఆ కొండకి వచ్చినప్పుడు, ఆమె అవస్థలన్నీ డోల్మానే చూసింది. మామూలు కళ్లజోడు మీద గాగుల్స్ పెడితే కాడలు కణతల్లో గుచ్చుకునేవి. కాంటాక్ట్ లెన్సులు పెడితే చలిగాలికి ఎండిపోయి కళ్లు మండేవి. ఒకసారి ఒక లెన్సు ఊడి మంచులో పడింది. ఇద్దరూ మోకాళ్ల మీద పాకి వెతుకుతూ వెతుకుతూ చివరికి నవ్వడం మొదలుపెట్టారు. ఏ అద్దమూ లేకుండా దిగిన రోజున ఉత్పల జెండా అనుకుని ఎర్ర కోటు వేసుకున్న ఒకాయన చుట్టూ తిరిగి వచ్చింది. ఆ సాయంత్రమే డోల్మా సొరుగు లాగి నన్ను బయటికి తీసింది.

"నీకు కావాల్సింది ఇది. తీసుకెళ్లి నీ పవరు వేయించుకో" అంది హిందీలో.

వైజాగ్‌లో కళ్లజోళ్ల షాపాయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెవులకి తగిలించుకునే కాడలేవమ్మా? ఎలా నిలబడుద్ది ఇది?"

"నేను నిలబడితే అదీ నిలబడుద్దిలెండి" అంది ఉత్పల.

అలా నాకు మైనస్ ఆరు వచ్చింది. ఒళ్లు ఒక చోట తయారైంది, చూపు ఇంకో చోట. అప్పటి నుంచి ఏ వాలు మీదా నేను ఆమెని మోసం చేయలేదు. ఈ రోజు పొద్దున్న దాకా.

పొద్దున్న జరిగింది చెప్తాను. పోటీ దగ్గర చెక్క గది, అందులో హీటరు. ఉత్పల గాగుల్స్‌ని హీటరు పక్కన బల్ల మీద మరిచిపోయి వార్మప్‌కి వెళ్లింది. గదిలో ఉన్నది ఇద్దరే. ఇదే పోటీలో దిగబోతూ తన స్కీలకి మైనం రుద్దుకుంటున్న డోల్మా, టీ తాగుతున్న వరాహమూర్తి మాస్టారు. డోల్మా వచ్చి మమ్మల్ని తీసి, తెరిచిన కిటికీ గట్టు మీద బోర్లా పెట్టింది. వేడిలో ఉన్న అద్దం ఒక్కసారిగా చలిలోకి వెళ్తే ఆవిరి పడుతుంది, అందుకని. అది మంచి పనే. కాసేపటికి రెండు చేతులు మమ్మల్ని పైకి ఎత్తాయి. బోర్లా ఉన్న నాకు ఆ చేతులు ఎవరివో కనిపించలేదు. నా పైన, గాగుల్స్ పై అంచులో, వరసగా గాలి రంధ్రాలుంటాయి. వాటి మీద స్పాంజి. ఆ స్పాంజి కింద ఏదో మెత్తగా కదిలింది. నా ఇంటి కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటున్నట్టు అనిపించింది. తర్వాత మమ్మల్ని జాగ్రత్తగా మళ్లీ గట్టు మీద పెట్టేశారు.

ఇప్పుడు కిందకి వద్దాం. తెల్లబడ్డ గాగుల్స్ చూడగానే, ఉత్పల మంచులోంచి లేవకముందే, వరాహమూర్తి మాస్టారు జ్యూరీ టెంట్‌కి చేరిపోయారు. ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరైన మనిషి. బడిలో బంతి అందుకోలేని ఉత్పలని బద్ధకస్తురాలు అని అందరూ అంటుంటే, "దీనికి బంతి కనిపించట్లేదురా" అని కనిపెట్టి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే. మంచి మనిషి. చలంటే మాత్రం ప్రాణభయం. మంకీ క్యాపు, దాని కింద మఫ్లరు, రెండు స్వెట్టర్లు. చెవుల్లో దూది. ఆ దూది వల్ల ఎదుటివాళ్ల మాట ఆయనకి సగమే వినపడుతుంది, ఆయన మాట మాత్రం కొండంతా వినపడుతుంది.

"కుట్ర మేడమ్ ఇది" అంటున్నారు. "ఆ డోల్మా అనే పిల్ల పొద్దున్న మా అమ్మాయి గాగుల్స్ ముట్టుకుంది. నా కళ్లతో చూశా. ఇప్పుడు మొదటి స్థానంలో ఉన్నదెవరు? ఆ పిల్లే."

జ్యూరీ పెద్ద కులకర్ణి మేడమ్ నింపాదిగా విన్నది. "పోటీ అయ్యాక విచారిస్తాం. రుజువైతే డోల్మా పేరు కొట్టేస్తాం" అంది.

డోల్మా అక్కడే ఉంది. నేరుగా ఉత్పల దగ్గరికి వచ్చి పక్కన కూర్చుంది. ఉత్పల అప్పటికే నన్ను బయటికి తీసి, గుడ్డ పట్టుకుని రుద్దబోతోంది. డోల్మా ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"రుద్దకు. ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుంది. గాలికి ఆరనీ."

"నిన్ను దొంగ అంటున్నారు అక్కడ. నువ్వు వచ్చి నాకు సాయం చేస్తున్నావా?"

"నన్ను అననీ. ఈ ఫ్రేము నేనిచ్చింది. దాని పరువు పోతే ఊరుకోను." డోల్మా గాగుల్స్‌ని ఎండకి ఎత్తి చూసింది. "లోపలికి గాలి ఆడటం లేదు ఉత్పలా. ఆడితే ఇంత ఆవిరి పట్టదు. పైన చూడు."

ఉత్పల జడలోంచి పిన్ను లాగి స్పాంజి కింద పెట్టి కదిపింది. తెల్లగా ఏదో బయటికి వచ్చింది. మంచు కాదు, దూది. సన్నగా, గట్టిగా, దీపంలో వేసే వత్తిలా మెలితిప్పిన దూది. దాని వెనక ఇంకొకటి. రంధ్రానికి ఒకటి చొప్పున, ఎంతో ఓపిగ్గా కూరారు.

ఆమె అరచేతిలో ఉన్న నేను ఆమె ముఖం చూశాను. ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత, ఆ మెలిక చూసి, కోపం ఎటో పోయింది. ఆమె తల తిప్పి టెంటు వైపు, మంకీ క్యాపు వైపు చూసింది.

"ఏంటి?" అంది డోల్మా.

"తర్వాత చెప్తా." వత్తుల్ని కోటు జేబులో వేసి జిప్పు లాగేసింది. పైన మైకులో రెండో పరుగుకి పిలుస్తున్నారు.

ఈసారి ఉత్పల ఏ తప్పూ చేయలేదు. చెమట పట్టిన నుదుటి మీద గాగుల్స్ ఎత్తి పెట్టుకోలేదు, చేతిలోనే చలిగాలిలో ఆరనిచ్చింది. మెడ గుడ్డని ముక్కు మీద నుంచి కిందికి లాగింది, ఊపిరి పైకి, నా మీదికి రాకుండా. పేరు పిలిచాక, ఆఖరి క్షణంలో నన్ను కళ్ల ముందుకి తెచ్చుకుంది.

గేటు తెరుచుకుంది.

అయ్యా, చూపంటే అది. మంచు మీద గాలి గీసిన ప్రతి గీతా కనిపించింది. నీలం జెండా నీడ పొడుగు కనిపించింది. మలుపు తిరిగాక గాజులా మెరుస్తున్న ఐసు ముక్క, మొదటి పరుగులో ఆమెని తూలేట్టు చేసిన ముక్క, ఈసారి దూరం నుంచే కనిపించింది. ఆమె మోకాలు వంచి దాని అంచున కోసుకుంటూ వెళ్లింది. నా పైన కిటికీలన్నీ తెరుచుకుని ఉన్నాయి. గాలి ఈలలు వేసుకుంటూ వచ్చి పోతోంది. ఆమె ఊపిరి నన్ను తాకి ఆ గాలితో వెళ్లిపోతోంది. ఎర్ర జెండా, నీలం, ఎర్ర. భుజం తగిలి ప్రతి కర్రా పక్కకి వాలి లేస్తోంది. ఆమె కేక వేస్తోంది, భయంతో కాదు. నాకు నోరుంటే నేనూ వేసేదాన్ని.

గీత దాటింది. ఆ పూట రెండో పరుగులో అంత వేగంగా దిగినవాళ్లు ఇంకెవరూ లేరు. బోర్డు మీద పేర్లు తారుమారయ్యాయి. రెండు పరుగులూ కలిపి డోల్మా మొదటి స్థానం. ఉత్తరాఖండ్ అమ్మాయి రెండు. ఉత్పల మూడు.

కంచు పతకం. జట్టు బతికింది. సముద్రపు ఒడ్డు పిల్ల మంచు మీద గెలిచింది. మాస్టారు మంకీ క్యాపుతో సహా మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి ఆమె తల నిమిరారు. ఆయన కళ్లకి కూడా ఆవిరి పట్టింది.

కానీ ఆయన ఫిర్యాదు అలాగే ఉంది. బహుమతుల బల్ల దగ్గర కులకర్ణి మేడమ్ మైకు పట్టుకుంది. "ఒక ఫిర్యాదు ఉంది. తేలేదాకా ఫలితాలు ఖాయం కావు." డోల్మా పక్కన వాళ్ల నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. జనం గుసగుసలాడుతున్నారు.

"వదిలేద్దాం మాస్టారూ" అంది ఉత్పల మెల్లగా.

"వదిలేదే లేదు." మాస్టారు మైకు దగ్గరికి నడిచారు. "ఆ దొంగ పేరు ఈ మైకులో చెప్పాలి. కొండ మీద అందరూ వినాలి. ఎవరైనా సరే, ఎంత పెద్దవాళ్లయినా సరే. మా అమ్మాయి మూడోది కాదు మేడమ్, రెండోది కావాల్సింది."

డోల్మా పేరు కొట్టేస్తే అది నిజమే. వెండి పతకం బల్ల మీద మెరుస్తోంది. ఉత్పల నుదుటి మీదున్న నేను దాన్ని చూస్తున్నాను, ఆమె చూడటం లేదు. ఆమె జేబు జిప్పు లాగి, వత్తుల్ని అరచేతిలో పోసి, మాస్టారి ముందు పెట్టి ఏదో చెప్పింది.

"ఏంటమ్మా? వినపడట్లేదు." ఆయన విసుగ్గా మంకీ క్యాపు పైకెత్తి, కుడి చెవిలోంచి దూది తీశారు. "ఇప్పుడు చెప్పు."

ఆమె ఆయన వేళ్ల మధ్య ఉన్న దూదిని చూసింది. ఆయనా చూసుకున్నారు. తర్వాత ఆమె అరచేతిలోకి చూశారు. అదే వత్తి, అదే మెలిక. బడి పిల్లల్ని అరకు తీసుకెళ్లినప్పుడు వాళ్ల చెవుల్లో పెట్టినప్పటి నుంచి మారని మెలిక.

"గట్టు మీద ఐసు ముక్కలా ఉన్నాయమ్మా నీ గాగుల్స్" అన్నారు, ఈసారి కొండకి వినపడనంత చిన్నగా. "పైన చూస్తే చిల్లులు. చల్లగాలి కళ్లకి కొడుద్దని..."

"తెలుసు మాస్టారూ."

"అయితే ఆ పిల్ల..."

"ఏం చేయలేదు."

ఆయన డోల్మా వైపు తిరిగారు. చేతులు జోడించారు. తర్వాత రెండో చెవిలోంచి కూడా దూది తీసి జేబులో వేసుకుని, మైకు తీసి ఉత్పల చేతికిచ్చారు.

"చెప్పు. అందరూ వినాలన్నది నేనే కదా. నేనూ వింటాను."

ఉత్పల నవ్వు ఆపుకుంటూ, ఏడుపు కూడా ఆపుకుంటూ, మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"దొంగ పేరు పిప్పళ్ల వరాహమూర్తి" అంది. "మా మాస్టారు."