అయిదు పొరల చెక్క

అక్కకి యాభై ఒకటో ఏట పెళ్ళయింది. వాచీలు బాగుచేసే ఒకాయన్ని, భార్య పోయాక ఆరేళ్ళుగా మాట్లాడడమే తగ్గించేసిన మనిషిని, ఏరి కోరి చేసుకుని పొరుగూరు వెళ్ళిపోయింది. ఆయన వింటాడు, నేను మాట్లాడతాను, ఇంకేం కావాలి అని అందరితోనూ చెప్పింది. అందరూ నవ్వారు, తమ్ముడు కూడా నవ్వాడు.

తమ్ముడికి నలభై ఆరు. తలుపుల ఫ్యాక్టరీలో పని. పల్చటి చెక్క పొరలకి జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్రెస్సులో పెట్టి తలుపులు చేస్తారక్కడ. మిషన్ల హోరుకి చెవులు పోకుండా ప్రతివాడూ చెవులకి డిప్పలు తగిలించుకుంటాడు కనక పొద్దున్న డ్యూటీ ఎక్కినవాడు సాయంత్రం దిగేదాకా ఎవరితోనూ మాట్లాడే పనిలేదు. ఇంటికొస్తే అక్క. ఇరవై ఏళ్ళు ఆ నోటి ధాటికి తట్టుకోలేక, దేవుడా, ఒక్క పూట నిశ్శబ్దం ప్రసాదించు అని వేడుకున్నవాడే. దేవుడు ఆలస్యంగా విన్నాడు. విన్నాక మరీ ధారాళంగా ఇచ్చాడు. ఇప్పుడు ఇంట్లో కుళాయి చుక్క పడినా ఎవరో పలకరించినట్టు తల తిప్పి చూస్తున్నాడు.

వెళ్ళేరోజు అక్క బస్సు మెట్టు మీద నిలబడి అతని మణికట్టు పట్టుకుంది.

"ఒరేయ్, నువ్విక్కడ ఒంటికాయ శొంఠికొమ్ములా కూర్చున్నావని తెలిసిందా, నాకు ముద్ద దిగదు. మర్నాడే వచ్చేస్తాను."

అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ఫోన్లో మూడోసారి ఎలా ఉన్నావని అడిగినప్పుడు, రోజూ సాయంత్రం హాలుకెళ్ళి టేబుల్ టెన్నిస్ ఆడుతున్నానని, బోలెడంతమంది స్నేహితులయ్యారని చెప్పేశాడు. ఇందులో సగం నిజమే. వీధి చివర రెండు బల్లలున్న హాలుకి వెళ్తున్న మాట వాస్తవం. అక్కడ బెంచీ మీద కూర్చుని చూసి వస్తున్నాడు.

ఆ హాల్లో పేర్లు రాసుకునే పద్ధతి లేదు. వచ్చినవాడు తన బ్యాటుని కిటికీ గట్టు మీద వరసలో చివర పెట్టాలి. ముందున్న బ్యాటు ఎవరిదైతే వాడిదే తర్వాతి ఆట. ఓడినవాడు బ్యాటు తీసుకెళ్ళి మళ్ళీ చివర పెట్టుకుంటాడు. ఒకరి బ్యాటు ఇంకొకరిని అడగడం పళ్ళు తోముకునే బ్రష్ అడిగినట్టే లెక్క. కాబట్టి బ్యాటు లేనివాడు ఎన్ని నెలలు బెంచీ అరగదీసినా వరసలో లేనట్టే.

అక్క ఊరుకుందా? పదిహేను రోజులు గడువిచ్చింది. ఫలానా ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తానని, ఆడుతూ ఫోన్ పక్కన పెట్టమని, ఆ చప్పుడు తను వినాలని చెప్పింది. మర్నాడే అతను ఆటసామాన్ల దుకాణానికి పరిగెత్తాడు.

దుకాణం నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు పోటీల్లో ఆడినావిడ. చేతి చెక్కని బ్లేడు అంటారని, దానికి రెండువైపులా అంటించే రబ్బర్లు వేరే కొనుక్కోవాలని చెప్పి, అతని తాహతు కనుక్కుని రెండు బ్లేడులు బల్ల మీద పెట్టింది. ఒకటి అయిదు పొరలది, తేలిక, అన్నిటికన్నా చవక. రెండోది ఏడు పొరలది, గట్టిది. పాత రకం కావడంతో ధర బాగా తగ్గించి అమ్ముతోంది.

అతను రెండింటినీ వెలుతురులో పెట్టి అంచుల్లో పొరలు లెక్కపెట్టాడు. వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అయిదు పొరలది బోలుగా పలికింది. అలాంటి తలుపు తన చేతిలోంచి వస్తే సూపర్‌వైజరు వెనక్కి పంపేస్తాడు. ఏడు పొరలది కంగుమంది. ఇరవై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఇదే సరుకంటే, అన్నాడు. పైకి చెప్పని సంగతి ఇంకోటుంది. గట్టిగా కొట్టి నాలుగు ఆటలు గెలిస్తే ఆ హాల్లో ఎవరో ఒకరు తనవైపు చూస్తారని ఆశ.

ఆవిడ ఎవరితో ఆడతారని అడిగింది. ఉన్నారులెండి, అన్నాడు. ఆవిడ ఒక క్షణం అతని మొహంలోకి చూసింది.

"మీరు తలుపు కొనడం లేదండీ. తలుపు పని అవతలివాణ్ణి ఆపడం. దీని పని బంతి తిరిగొచ్చేలా చెయ్యడం. నేర్చుకునేవాడికి నెమ్మదైన చెక్కే మంచిది."

అతను తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం మరి. ఏడు పొరలదే తీసుకుని రబ్బర్లు అంటించుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం కిటికీ గట్టు మీద ఏడు బ్యాట్ల తర్వాత తన ఎర్ర బ్యాటు ఎనిమిదోదిగా పెట్టాడు. వరస ముందుకు జరుగుతుంటే, పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిలా చొక్కా సర్దుకున్నాడు. వంతు వచ్చింది. అవతల ఒక బస్సు డ్రైవరు. బంతి తగిలిందే తడవు, అవతలి గోడకెళ్ళి కొట్టుకుంది. తర్వాతది బీరువా కిందికి. ఆ తర్వాతది పక్క బల్ల మీదికి. డ్రైవరు పాపం ఆరుసార్లు వంగి బంతి తెచ్చాడు. రెండు నిమిషాల్లో ఆట ముగిసింది. మళ్ళీ వంతుకి గంట పట్టింది.

నాలుగు రోజులు ఇదే తంతు. ఎవరైనా తిట్టినా బాగుండేది. అందరూ పర్లేదండీ, పర్లేదండీ అన్నారు. తలుపులాయన అని పేరు కూడా పెట్టారు. అయితే అయిదో రోజున ఒక సంగతి కంటబడింది. గట్టు మీద అతని బ్యాటు ముందుకొచ్చే వేళకి, బల్ల దగ్గర గెలిచి నిలబడ్డవాడు, అతన్ని అక్కడే నిలబెట్టి, మంచినీళ్ళకని బయటికి వెళ్తున్నాడు. చూస్తే ప్రతివాడూ అదే చేస్తున్నాడు. అతనితో ఆట అంటే వాళ్ళకి విరామం. బెంచీ మీద ఉన్నప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. తన బ్యాటు తీసి చంకలో పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా వచ్చేశాడు.

మర్నాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దుకాణానికి వెళ్ళాడు. ఆవిడ నేను చెప్పలేదా అనలేదు. రబ్బర్లు నెమ్మదిగా ఊడదీసి, అయిదు పొరల చెక్కకి మళ్ళీ జిగురు రాసి అంటించింది. వాడిన చెక్క వెనక్కి తీసుకోలేనంది. చెక్కకి జిగురు పట్టేదాకా అతను అక్కడే కూర్చున్నాడు. జిగురు వాసన ఫ్యాక్టరీలోదే అయినా ఇక్కడ మిషన్ల హోరు లేదు. అతను ఉన్నట్టుండి, నాతో ఎవరూ ఆడరండీ, అనేశాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. బల్లలో సగం మడిచి నిలబెడితే అదే గోడలా బంతిని తిప్పి పంపుతుందని, ఇరవైసార్లు ఆపకుండా కొట్టగలిగాక మనుషుల దగ్గరికి వెళ్ళమని చెప్పింది.

గడువు ఆదివారం రానే వచ్చింది. ఆటగాళ్ళు ఎనిమిదికి గానీ రారు. కాపలాదారుని బతిమాలి ఆరున్నరకే తలుపు తీయించి, బల్ల సగం నిలబెట్టాడు. ఫోన్ మోగగానే స్పీకరు పెట్టి, కిటికీ గట్టు మీద బ్యాట్ల వరసలో మొదటి బ్యాటు ఉండే చోట ఉంచాడు.

టక్కుటక్కుమని బంతి మొదలైంది. అయిదు పొరల చెక్క దాన్ని ఒక్క లిప్త పట్టుకుని వదులుతోంది. తొమ్మిది. పదకొండు. పద్నాలుగు దగ్గర జారిపోయింది.

అక్క మురిసిపోయింది. అవతలాయన గట్టివాడే, ఒక్కటీ వదలడం లేదు, ఎప్పుడు పోయినా నీ వైపే పోతున్నట్టుంది అంది. ఏం చేస్తాడని అడిగింది. బస్సు నడుపుతాడని చెప్పాడు. మాట్లాడడేమని అడిగింది. ఆట మధ్యలో మాట్లాడరక్కా, అన్నాడు. అబద్ధానికి అబద్ధం అతుకు వేసుకుంటూ ఆడుతుంటే బంతి అయిదు దాటడం లేదు.

"ఆయనకోసారి ఫోనియ్యి. మా వాణ్ణి చూసుకుంటున్నందుకు ఒక మాట చెప్పి పెట్టేస్తాను."

బంతి బల్ల కిందికి దొర్లింది. అతను దానికోసం వంగి అక్కడే కూర్చుండిపోయాడు. బల్ల కింద సిమెంటు చల్లగా ఉంది. ఇంకో అబద్ధం కోసం వెతికాడు గానీ దొరకలేదు.

"అక్కా, అవతల ఎవరూ లేరు. బల్ల సగం నిలబెట్టుకుని నేనొక్కణ్ణే ఆడుకుంటున్నాను."

ఫోన్లో చప్పుడు లేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క అంతసేపు నోరు మూసుకుని ఉండగా అతను వినలేదు. లైను తెగిందేమో అనుకున్నాడు.

"వచ్చేయనా?" అంది అక్క, సన్నగా.

రా, అనాలనిపించింది. అంటే సాయంత్రానికి సంచీతో గుమ్మంలో ఉంటుంది. ఇల్లు మళ్ళీ మాటలతో నిండిపోతుంది. ఆ ఊళ్ళో, ఆరేళ్ళ తర్వాత ఒక గొంతు వినడం అలవాటు చేసుకుంటున్న వాచీలాయన మళ్ళీ తన వాచీల మధ్య ఒక్కడే మిగిలిపోతాడు. ఆ మిగలడం ఎలా ఉంటుందో ఇప్పుడు అతనికి బాగా తెలుసు.

బల్ల కిందినుంచి లేచి బంతి తుడిచాడు.

"వద్దు. ఇరవై దాకా కొట్టాలి, పద్నాలుగు దాటడం లేదు. నువ్వు లెక్కపెట్టు."

బంతి వేశాడు. మొదటి దెబ్బకి అక్క పలకలేదు. రెండో దెబ్బకి, "రెండు," అంది. గొంతు బొంగురుగా ఉంది. ఏడు దగ్గరికి కాస్త తేటపడింది. పన్నెండు దగ్గర, నెమ్మదిగా కొట్టరా, నిన్నెవరు తరుముతున్నారు, అని కసిరింది కూడా. పదిహేను. పద్దెనిమిది. ఇరవై దాటినా ఇద్దరూ ఆపలేదు. ఇరవై మూడు దగ్గర బంతి బల్ల అంచుకి తగిలి నేలమీద పడింది.

"తీసుకుని మళ్ళీ మొదలెట్టు," అంది అక్క. "నాకేం తొందర లేదు."