అత్త అంటే ఏ అత్త?

ఆఫీసులో అందరూ ఆమెను పంతులమ్మ అనేవారు. ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. ఎవరు ఏం రాసినా వాక్యం ఎక్కడ ఆపాలో చెప్పకుండా ఉండలేదు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది.

ప్రోగ్రామర్లు ఏదైనా తయారుచేస్తే దాన్నెలా వాడాలో రాయడం ఆమె ఉద్యోగం. ఈసారి మాత్రం అది చదివేది మనుషులు కాదు. మెసేజింగ్ యాప్‌లో ఏఐ ఏజెంట్ వాడుకోవడానికి ఒక టూల్ కట్టారు. "ఫలానావాళ్లకి ఈ మాట చెప్పు" అని మనిషి అంటే, ఏజెంట్ ఆ టూల్‌తో పేరు వెతికి కబురు పంపాలి. ఆ టూల్ సంగతి ఏజెంట్‌కు తెలిసేది పంతులమ్మ రాసిన వివరణ వల్లనే. రాశాక పరీక్షలు పెట్టి మార్కులు వేయడమూ ఆమె పనే.

"మనుషులైతే నేను రాసింది చదవకుండానే బటన్లు నొక్కేస్తారు. ఇది అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది. ఇన్నాళ్లకి నాకో పాఠకుడు దొరికాడు" అని ఆమె మురిసిపోయింది.

టూల్ కట్టింది పక్క బల్ల ప్రోగ్రామర్. దట్టమైన మీసాల వల్ల ఆయన్ని మీసాలాయన అంటారు. ఆయన ఇచ్చిన ఉత్తుత్తి పేర్లతో పెట్టిన పరీక్షలన్నీ ఏజెంట్ గెలిచేసింది. పంతులమ్మకు మాత్రం మనసు ఒప్పలేదు.

"చెప్పిన పాఠమే అప్పజెప్పమంటే ఎవరైనా అప్పజెబుతారు. నిజం ఫోన్లో పేర్లు ఇంత బుద్ధిగా ఉంటాయా? 'అక్క పాత నంబరు', 'ఎత్తొద్దు', 'గ్యాస్ బాబాయి', ఇలా ఏడుస్తాయి. నా ఫోన్ కలపండి, చూద్దాం."

"కలిపానమ్మా. భయపడకు, మెసేజులు బయటికి పోకుండా అడ్డం పెట్టాను" అన్నాడు మీసాలాయన.

పంతులమ్మ ఉత్సాహంగా టైపు చేసింది: "ఆదివారం మధ్యాహ్నం పదిమందిమి భోజనానికి వస్తున్నామని అత్తకి చెప్పు. కారం తక్కువ వెయ్యమను."

ఏజెంట్ క్షణంలో "పంపించాను" అంది. ఎవరికి పంపిందా అని చూస్తే 'కింది అత్తగారు' అని ఉంది.

కింది అత్తగారు అంటే పంతులమ్మ అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు. మెట్ల మీద చప్పుడైనా, నీళ్ల మోటారు ఆపడం మరిచినా వెంటనే మెసేజ్ పెట్టే మనిషి. అద్దెకున్నవాళ్లంతా చాటున అలాగే పిలిచేవారు; పంతులమ్మ ఫోన్లోనూ అదే పేరుతో దాచుకుంది.

"చూశారా, పప్పులో కాలేసింది!" అని పంతులమ్మ చప్పట్లు కొట్టింది. అంతలో ఆమె ఫోన్లో అత్తగారి జవాబు వచ్చింది.

"పదిమందా? సరే రండి. మెట్ల మీద చప్పుడు చేయకుండా రండి."

పంతులమ్మ ఫోన్ పక్క బల్ల వైపు తిప్పింది. మీసాలాయన తన తెర మీదికి వంగి, మీసం మీద చెయ్యి వేసి, "అయ్యో, ఇందాక భోజనానికి లేచేముందు ఏదో సరిచేద్దామని ఆ అడ్డం తీశాను. మళ్లీ పెట్టలేదమ్మా" అన్నాడు నూతిలోంచి మాట్లాడినట్టు.

ఆయన్ని నాలుగు దులిపేద్దామనుకుంది కానీ, ముందు ఏజెంట్ ఏమనుకుని పంపిందో తెర మీద చదివింది. 'వివరణ ప్రకారం, సరిగ్గా ఆ పేరు లేకపోతే దగ్గరి పేరు తీసుకోవాలి. అలాంటివి రెండు మూడుంటే ఈమధ్య మాట్లాడినవారికి పంపాలి.' ఆ వాక్యాలు అచ్చంగా ఆమెవే. నిన్ననే మోటారు గురించి అత్తగారికి క్షమాపణ చెప్పుకుంది మరి. దొరికిన పాఠకుడు చెప్పినట్టే చేశాడు.

సాయంత్రం నిజం చెప్పేద్దామని తిన్నగా కింది వాటా తలుపు తట్టింది. అత్తగారు కళ్లజోడు నుదుటికెత్తి, ఎక్కడినుంచో తెప్పించిన కుర్చీలు తుడుస్తోంది. ఆ మొహంలో అంత కళ పంతులమ్మ ఎప్పుడూ చూడలేదు. అయినా సంగతంతా చెప్పింది.

"అంటే నువ్వు రావన్నమాట" అంది అత్తగారు.

"రానని కాదండీ. పంపింది నేను కాదని..."

"నీ ఫోన్లోంచి వచ్చిందా లేదా?"

"వచ్చిందండీ."

"తినే నోళ్లు పదున్నాయా లేదా?"

పంతులమ్మ మనసులో ఆఫీసువాళ్లను, మొగుణ్ణి, పిల్లల్ని కూడుకుంది. "ఉంటాయండీ."

"మరింకేం? మీ యంత్రం మీద కోపం నా కుర్చీల మీద చూపిస్తావెందుకు? సరేగానీ, అత్తకి చెప్పమంటే అది నాకెందుకు చెప్పింది?"

పంతులమ్మ నేల చూపులు చూసింది. "మీ పేరు... ఫోన్లో అత్తగారు అని ఉందండీ."

 అత్తగారు కుర్చీలో కూలబడి కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"వెనకాల అంటారని తెలుసులేవే! ఎదురుగా అనడానికి ఒక్కళ్లకీ ధైర్యం లేకపోయింది. ఆ యంత్రమే నయం."

ఆదివారం పదిమందీ పిల్లుల్లా మెట్లు దిగారు. లోపలికెళ్లాక మాత్రం ఇల్లు ఎగిరిపోయేంత గోల. "కారం తక్కువే వేశాను, కబురులో అలాగే ఉంది" అని అత్తగారు కొసరి కొసరి వడ్డించింది. "అడ్డం పెట్టడం మరిచిందెవరర్రా?" అనగానే అందరి వేళ్లూ మీసాలాయన వైపు తిరిగాయి. ఆయన విస్తుపోయేలోగా ఆయన పళ్లెంలో మరో రెండు గరిటెలు పడ్డాయి.

సోమవారం పంతులమ్మ వివరణ తిరగరాసింది: 'పేరు విషయంలో ఏమాత్రం అనుమానమున్నా పంపవద్దు, అడుగు.' ఇక చూడాలి తమాషా. నాన్నకి చెప్పమంటే "మీ పరిచయాల్లో 'నాన్న', 'నాన్న ఆఫీసు' అని ఉన్నాయి. ఏ నాన్న?" అంది ఏజెంట్. మీసాలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మొన్న తెగించింది, ఇవాళ నీడకి కూడా భయపడుతోంది" అంది పంతులమ్మ. తప్పుగా పంపితే మార్కులు కోస్తున్నట్టే, అడగనక్కర్లేనిచోట అడిగినా కోయాలని నిర్ణయించుకుంది. ఒకే మనిషికి రెండు నంబర్లుంటే ఏం చేయాలో, ఇద్దరు మనుషులకు ఒకే వరస ఉంటే ఏం చేయాలో ఉదాహరణలతో విడమరిచింది. వరసలు ఎన్ని రకాలో రాస్తూంటే ఆమెకే తల తిరిగింది. రెండు రోజుల కుస్తీ తర్వాత నాన్నకి కబురు నేరుగా వెళ్లింది, అత్త దగ్గర మాత్రం ఏజెంట్ ఆగి, "ముగ్గురున్నారు, ఎవరికి?" అని అడిగింది. పంతులమ్మ నిండు మార్కులు వేసి, నివేదిక పంపించి, హాయిగా ఇంటికి బయల్దేరింది.

మెట్ల దగ్గర అత్తగారు ఎదురైంది.

"ఏమ్మా, ఈ ఆదివారానికి మీ యంత్రం ఇంకా ఏ కబురూ పంపలేదేం?"

"దానికి బుద్ధొచ్చిందండీ. ఇప్పుడు అనుమానముంటే అడక్కుండా పంపదు" అని నవ్వింది పంతులమ్మ. "ఈసారి మీరే పైకి రండి, అత్తగారూ. వంట నాది."

"వస్తా. కారం మాత్రం తగ్గించకు" అంది అత్తగారు.