స్టాఫ్‌రూమ్ సొరుగులో రెండు రోజులు

నేను ఒక సెల్‌ఫోన్‌ను, అదీ బడిలో పట్టుబడిన ఫోన్‌ను. కాబట్టి మీరు నన్ను అనుమానంగా చూసినా నాకు కొత్త కాదు. ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో నన్ను బిగించారు. కొన్నాళ్లు ఒక మందుల కంపెనీ ఉద్యోగి జేబులో తిరిగాను. అతను కొత్తది కొనుక్కుని నన్ను చీరాలలో ఒక షాపుకు ఇచ్చేశాడు. జాకెట్లు కుట్టే మహబూబీ నన్ను అక్కడ కొని, పాఠాలు వింటుందని కూతురు దిల్షాద్ చేతిలో పెట్టింది. దిల్షాద్ పాఠాలు విన్నది నిజమే. మిగతావి విన్నదీ నిజమే.

ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా, ఫొటోలు పెట్టుకునే ఒక యాప్‌లో 'ఎయిత్ బి కామెడీ' అనే పేజీ పుట్టింది. ఎవరు నడుపుతున్నారో తెలియదు. తరగతి పిల్లల ఫొటోలు పెట్టి, కింద వెక్కిరింతలు రాసేవారు. ఒకరోజు జ్యోత్స్న ఫొటో వచ్చింది. మధ్యాహ్న భోజనం దగ్గర, నోటినిండా అన్నం, చంక కింద చిరిగిన యూనిఫాం. కింద 'రెండో ప్లేటు' అని రాశారు. మర్నాటి నుంచి జ్యోత్స్న బడికి రాలేదు.

తరగతిలో ఒకరినొకరు నమ్మడం మానేశారు. ఆ వారమే, సోషల్ టీచరు కరుణశ్రీ పాఠం చెబుతుండగా దిల్షాద్ సంచిలో నేను గుర్రుమన్నాను. నన్ను తీసుకెళ్లి హెడ్మాస్టరు పురుషోత్తం గారి బల్ల మీద పెట్టారు.

"జ్యోత్స్న పక్కన కూర్చునేది ఈ పిల్లే. ఫోనూ ఈ పిల్ల దగ్గరే దొరికింది. ఇంకెవరు చేస్తారమ్మా?" అన్నారాయన. తెరిపించమన్నారు.

దిల్షాద్ తల ఊపి వేలు ముందుకు చాచింది. కరుణశ్రీ అడ్డుపడింది.

"మనమిద్దరం ఎదురుగా నిలబడితే ఏ పిల్ల వద్దంటుంది సార్? వాళ్లమ్మ వచ్చాక, ఆవిడ ముందే చూద్దాం."

మహబూబీ ఊళ్లో లేదు, వచ్చేసరికి రెండు రోజులు పడుతుంది. అందాకా నన్ను స్టాఫ్‌రూమ్ సొరుగులో పెట్టారు. నాకు ఆ టీచరు మీద గౌరవం కలిగింది. అది ఒక్క రోజే నిలిచింది.

మర్నాడు అందరూ క్లాసులకు వెళ్లిన పీరియడ్‌లో కరుణశ్రీ సొరుగు తీసింది. తలుపు వైపు ఒకసారి చూసి, నన్ను కిటికీ వెలుగుకు వాల్చింది. నా తాళం తీయడానికి దిల్షాద్ రోజూ గీసే గీత, వేలి జాడగా నా అద్దం మీద స్పష్టంగా ఉంది. దాని వెంటే గీసింది. జ్యోత్స్న మేలు కోసమే అనుకుని ఉంటుంది. నన్ను చాటుగా తెరిచే మనుషులంతా ఎవరో ఒకరి మేలు కోసమే తెరుస్తారు.

ఆమె వెతికిన పేజీ నాలో లేదు. ఇద్దరు పిల్లల మెసేజ్‌లు ఉన్నాయి.

'నువ్వొచ్చేదాకా నీ చోట్లో నా సంచి పెడతన్నా. ఎవర్నీ కూర్చోనివ్వను' అని దిల్షాద్ రాసింది. దాని కింద జ్యోత్స్న అడిగింది: 'ఆ ఫొటో వాళ్లకెట్టా దొరికిందే?'

'కరుణశ్రీ మేడం పేజీలోదే. భోజనాల కాడ మేడమే తీసింది. చెప్తే తిట్టుద్దేమో అని ఊరుకున్నా.'

కరుణశ్రీ తన ఫోను తీసి తన పేజీ చూసుకుంది. మూడేళ్ల ఫొటోలు. బహుమతులు, మొక్కలు నాటడాలు, భోజనాల వరసలు. వాటిలో పిల్లల్ని అడిగి పెట్టిన ఫొటో ఒక్కటీ లేనట్టుంది, ఆమె వేలు ఒక్కదాని దగ్గరా ఆగలేదు. గంట మోగినా కుర్చీలోంచి లేవలేదు.

ఆమె నోరు మెదపకపోతే, నన్ను ముందే తెరిచిందని ఎవరికీ తెలిసేది కాదు. అలాగే ఊరుకుంటుందనుకున్నాను. కానీ మహబూబీ వచ్చిన రోజు, హెడ్మాస్టరు ముందే, ఆ ఫొటో తనదేనని చెప్పింది. అనుమతి లేకుండా దిల్షాద్ ఫోను తెరిచానని కూడా చెప్పింది. ఆ రెండోది చెప్పకపోయినా సరిపోయేదని పురుషోత్తం గారు గొణిగారు. మహబూబీ మాత్రం తన కూతురి తప్పు లేదు కదా అని రెండుసార్లు అడిగి, లేదనిపించుకుంది.

దిల్షాద్ టీచరునే చూస్తోంది. "అమ్మ వచ్చాక చూస్తానన్నారు మేడం. నేను నమ్మాను."

"తప్పు చేశానమ్మా," అంది కరుణశ్రీ.

ఆమె తన పేజీలోని పిల్లల ఫొటోలన్నీ తీసేసింది. జ్యోత్స్న ఇంటికి వెళ్లి, తల్లీకూతుళ్ల ముందు చాప మీద కూర్చుని క్షమించమని అడిగిందట. ఆ సంగతి జ్యోత్స్న మెసేజ్‌లోనే చదివాను. సోమవారం ఆ పిల్ల బడికి వచ్చింది. కామెడీ పేజీ కూడా మాయమైంది. నడిపింది ఎవరో చివరిదాకా తేలలేదు. పదో తరగతిదాకా వాళ్లంతా ఒకరినొకరు ఓరగా చూసుకుంటూనే చదివారు.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బిపోయింది. పాత ఇనుప సామానుతో పాటు ఒక గోనెసంచిలో పడి ఉన్నాను. నాలో చివరగా మిగిలిన మాటలు ఆ పిల్లలవే.

'మేడం మంచిదే కదే, ఒప్పుకుంది గదా. నువ్వు మేడంతో ఎందుకు సరిగ్గా మాట్లాడవు?' అని జ్యోత్స్న రాసింది.

దిల్షాద్ రాసింది: 'మంచిదే. అడిగిందానికల్లా జవాబు చెప్తన్నా గదా.'