తొమ్మిదో మలుపు దగ్గర గీకిన మంచు

ముగ్లిట్స్ ఏరు పొంగి లోయలో రైలు పట్టాలను ఈడ్చుకుపోయిన ఏడాది అది. ఆ ఆగస్టు తర్వాత వచ్చిన చలికాలంలో గెజీనె మా కొండ మీదికి వచ్చింది.

నా పని మంచు గీకడం. మంచు మీద జారే పందెం బండ్లు దిగే సిమెంటు కాలువలో నీళ్లు చల్లి, గడ్డ కట్టించి, పారతో చదును చేయడం. ముప్పై ఏళ్లు అదే చేశాను.

గెజీనె డ్రెస్డెన్‌లో డాక్టరేట్ కోసం పరిశోధన చేస్తోంది. బోర్లా పడుకుని, తల ముందుకు పెట్టి దిగే బండి ఆమెది. దానికి చుక్కాని ఉండదు. భుజంతోనో మోకాలితోనో ఒక మూల నొక్కితే కింది ఉక్కు కమ్మీ వంగి బండి తిరుగుతుంది. ఎంత నొక్కితే ఎంత వేగం పోతుందో తేల్చాలని బండి నిండా తీగలు బిగించుకుని, తానే దిగేది.

"లోష్నర్ గారూ, నలభై సార్లు దిగాలి. నలభై సార్లూ మంచు ఒకేలా ఉండాలి. ఏం మార్చినా నాకు చెప్పాలి. చెప్తారుగా?" అంది మొదటి రోజే.

తల ఊపాను.

"వాడు చెప్పడమా!" అన్నాడు నాతో పనిచేసే హైనో. "వాడి పెళ్లిలో 'సరే' అన్నది కూడా వాళ్లన్నయ్యేనమ్మా."

గెజీనె పగలబడి నవ్వింది.

తొమ్మిదో మలుపు దాటేచోట ఆమె బండి రోజూ గోడకు కొట్టుకునేది. జనవరి నడిమికి, పద్దెనిమిది సార్లు దిగేసరికి ఎడమ భుజం కమిలి నల్లబడింది. ఆ చేత్తో కాఫీ కప్పు ఎత్తలేకపోయింది. మాలో ఒక అలవాటుంది. మన దగ్గర దిగే మనిషి పదేపదే ఒకేచోట దెబ్బ తింటుంటే అక్కడి మంచును కాస్త సర్దుతాం. ఎవరూ అడగరు, మేమూ చెప్పం. మర్నాడు పొద్దున్నే ఆ అంచున గోరు మందం గీకాను. మా పనివాళ్ల గుడిసెలో గోడకున్న క్యాలెండర్‌లో ఆ తేదీ మీద, మంచు సర్దిన ప్రతిసారీ పెట్టినట్టే, ఒక గీత పెట్టాను.

ఆ రోజు నుంచి బండి గోడను తాకలేదు.

"మలుపు చివర నొక్కడం మానేశాను లోష్నర్ గారూ! వదిలేస్తే బండే దారి వెతుక్కుంటోంది. టైమూ తగ్గింది!" అంటూ గసగసాల కేకు తెచ్చి పెట్టింది. ఇన్నాళ్లూ వెతికిన జవాబు ఇదేనంది.

చెప్పాల్సింది అప్పుడే. కేకు తిన్నాను.

ఫిబ్రవరిలో వేరే ఊళ్లో, వేరే మంచు మీద అలాగే వదిలేసి దిగితే బండి ప్రతి మలుపులోనూ గోడకు కొట్టుకుందట. మార్చిలో ఒక మధ్యాహ్నం గెజీనె మా గుడిసె గుమ్మంలో నిలబడింది.

"ఫలితం ఎందుకు తప్పిందో కారణం చూపించలేకపోతే, పరిశోధన మానేస్తున్నానని రేపు పదింటికి సంతకం పెట్టాలి. ఒక్క మాట చెప్పండి. జనవరిలో తొమ్మిదో మలుపు దగ్గర మంచు మారిందా?"

హైనో నా వైపు చూశాడు. మంచు ఒకేలా ఉంచుతానని, మారిస్తే చెప్తానని తలూపింది నేను. ముప్పై ఏళ్లలో నా మంచుకు ఎవరూ వంక పెట్టలేదు.

"మంచు మంచే," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆమె వెళ్లిపోయాక హైనో టోపీ పెట్టుకున్నాడు. "నీకు నోరు లేదనుకున్నాన్రా ఇన్నాళ్లూ. ఉంది. అబద్ధం కోసం దాచుకున్నావు," అని బయటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే క్యాలెండర్ నుంచి జనవరి కాగితం చింపి, కోటు లోపల పెట్టుకుని, డ్రెస్డెన్‌కు మొదటి బస్సు ఎక్కాను. రైలుంటే గంటన్నర. బస్సు తెగిన రోడ్లను తప్పించుకుంటూ పోయి, ఒక వంతెన దగ్గర మట్టి లారీల వెనక రెండు గంటలు ఆగింది. నేను ఆమె గదికి చేరేసరికి పదకొండు దాటింది. పుస్తకాలు పెట్టెల్లో సర్దుతోంది. సంతకం అయిపోయింది.

కాగితం బల్ల మీద పెట్టి గీత చూపించాను. "నేనే గీకాను."

ఆ తేదీ మీద వేలు పెట్టింది. "పద్దెనిమిది ఒక మంచు మీద, ఇరవై రెండు ఇంకో మంచు మీద," అంది మెల్లగా. "నిన్న చెప్పుంటే సరిపోయేదండీ."

కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. టోపీ చేత్తో పట్టుకుని, ఏ పారతో గీకానో, ఎంత గీకానో, ఎందుకు గీకానో మొదటి నుంచీ చెప్పాను.