ముప్పై భాషల్లో ఒక ఏడుపు

స్టూడియోలో అందరూ ఆవిడను బామ్మగారనే పిలుస్తారు. నిండా యాభై రెండేళ్లు లేవు పాపం! తెర మీద ముసలమ్మ కనిపించిందంటే చాలు, డబ్బింగ్ గొంతు ఈవిడదే. ఇక ఏడవడంలో తిరుగే లేదు. వెక్కిళ్లు కావాలా, శోకాలు కావాలా, ఏదైనా ఒక్క టేకులో ఇచ్చేస్తుంది.

అలాంటి మనిషికి ఆరేళ్ల క్రితం కన్నతల్లి పోతే ఒక్క కన్నీటిచుక్క రాలేదు. ఉలుకూ పలుకూ లేకుండా అమ్మ దుప్పట్లు మడతపెడుతూ కూర్చుంది. అక్కకు ఒళ్లు మండింది.

"డబ్బులిస్తేగానీ ఏడుపు రాదటే నీకు?" అనేసింది అందరి ముందూ.

అంతే, ఇద్దరికీ మాటల్లేవు. బామ్మగారు ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేసిందో! అక్క ఎత్తకపోతేనో అని భయం.

ఆ రోజు ఆవిడ ముందుకు ఒక కొరియన్ సీరియల్ వచ్చింది. తెర మీద కొరియా బామ్మ కూతురి అంత్యక్రియలు ముగించుకుని ఇంటికొచ్చింది. ఏడవలేదు. కూతురి చొక్కాలు తీసి మడతపెట్టసాగింది. నాలుగో చొక్కా దగ్గర చేతులు ఆగిపోయాయి. దాంట్లో మొహం దాచుకుంది.

మన బామ్మగారికి ఒళ్లు జలదరించింది. ఎక్కడి మనిషి! ఒక్క ముక్క అర్థం కాని భాష! నా చేతుల సంగతి ఈవిడకెవరు చెప్పారు?

ఆరేళ్ల ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. సీన్ అయిపోయినా ఆగలేదు.

"ఎక్కువైంది మేడమ్, ఇంకో టేక్..." అన్నాడు రికార్డిస్టు.

"దాన్ని ముట్టుకున్నావంటే చంపేస్తా," అంది డైరెక్టరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ఆవిడ మొహం చొక్కాలో దాచుకుందిగా, పెదాలు కలవకపోయినా సరిపోతుంది. బామ్మగారూ, ఇదే సీన్ ముప్పై భాషల్లో చేస్తున్నారు తెలుసా? అన్నీ ఒకేరోజు విడుదల."

బామ్మగారు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. ముప్పై గదుల్లో ముప్పైమంది ఆడవాళ్లు! ఎవరెవరిని తలుచుకుని ఏడుస్తున్నారో ఆ మహాతల్లులు! ఒక్క ఆడది చొక్కా మడతపెట్టి ఇంత లోకాన్ని కదిలించిందా!

ఆ ఏడుపు ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు. సీరియల్ చూసే యాప్‌లో ఒక భాగం ముగిసి అయిదు లెక్కపెట్టేలోగా తర్వాతి భాగం మొదలైపోతుంది. చివర్లో వచ్చే గొంతుల పేర్లు చదివే నాథుడే ఉండడు.

విడుదలైన మూడో రోజు పొద్దున కూరగాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. అక్క! కత్తి పక్కన పడేసి ఎత్తింది.

"మనవరాలు ఏదో కొరియా సీరియల్ పెట్టిందే," అంది అక్క, నిన్ననే మాట్లాడుకున్నట్టు. "ఆ ముసలావిడ నువ్వే కదూ?"

"నీకెలా తెలిసిందక్కా?"

"బాగుంది! చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని ఊరుకోబెట్టిందెవరు? నీ ఏడుపు నాకు తెలీదా?" అంది అక్క. "అది డబ్బులకి ఏడ్చిన ఏడుపు కాదే. అమ్మ కోసం ఏడ్చావ్."

ఎవరి గొంతయినా పలికే మనిషి, ఈసారి తన సొంత గొంతుతోనే వెక్కివెక్కి ఏడ్చింది.

"సరే సరే, ఊరుకో. బయల్దేరి రా," అంది అక్క. "మిగతా భాగాలు నువ్వొచ్చాకే చూస్తాను."